రిపేరయ్యాక బండి స్లోలో ఎందుకు ఊగుతుంది?

ఇంజిన్ హెడ్డు (సిలిండర్ల పై మూత) దించి గ్యాస్కెట్ మార్పించారు. లేదంటే నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు) సర్వీసింగ్‌కు ఇచ్చారు, క్లచ్ ప్లేటు కోసం గేర్‌బాక్సు దింపించారు. బిల్లు కట్టి బండి బయటికి తీశారు. మొదటి సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆపి, రేస్ ఇవ్వకుండా స్లోలో ఉంచగానే స్టీరింగ్ చేతిలో వణుకుతుంది. ఇంజిన్ తనంతట తానే రేస్ అవుతుంది, అంతలోనే ఆగిపోతుందేమో అన్నంతగా దిగిపోతుంది. బండి తిప్పుకుని మళ్లీ షెడ్డుకు వెళ్తే, మెకానిక్ స్క్రూడ్రైవరు తీసి ఐడిల్ స్క్రూ (స్లో వేగాన్ని సెట్ చేసే స్క్రూ) అర చుట్టు తిప్పి, రేస్ కాస్త పెంచి, "ఇప్పుడు సూడన్నా, సెట్టయింది" అంటాడు. నిజంగానే వణుకు తగ్గుతుంది. రోగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని మీద కాస్త ఎక్కువ డీజిల్ పోశారు, అంతే.

దీని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లో పాత పికప్ నడిపేవాళ్లలో చాలామందికి ఆ బండే జీవనాధారం. తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు చేర్చేవాళ్లు, బేగంబజార్ నుంచి కిరాణా సరుకు ఎత్తేవాళ్లు, కాటేదాన్ ఫ్యాక్టరీల నుంచి మాలు తోలేవాళ్లు. బండి ఒక రోజు ఆగితే వీళ్లకు ఆ రోజు కిరాయి పోయినట్టే. అలాంటి మనిషి చేత, తప్పు ఎక్కడుందో తేల్చకుండా ముందు నాజిళ్లు, తర్వాత డీజిల్ పంపు, ఆ తర్వాత ఇంకేదో మార్పించడం అన్యాయం. స్లోలో ఊగే బండిని ఒక వరసలో చూసుకుంటూ పోతే, చాలాసార్లు ఖరీదైన పార్టు ఏదీ కొనకుండానే పని అయిపోతుంది.

ముందు అది ఏ రకం ఊగుడు?

"స్లో సరిగ్గా లేదు" అనే ఒక్క ఫిర్యాదు వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. మూడింటికీ మందు వేరు. కాబట్టి పానా పట్టుకునే ముందు ఇది తేలాలి. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. లైట్లు, ఫ్యాను, ఏసీ ఉంటే అదీ ఆపేయండి. న్యూట్రల్‌లో పెట్టి, కాలు తీసేసి, కొద్దిసేపు ఊరికే వినండి.

మొదటి రకాన్ని షెడ్డు భాషలో హంటింగ్ అంటారు. రేస్ దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఆర్పీఎం మీటరు ఉంటే ముల్లు అటూ ఇటూ నడుస్తూ కనిపిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఇంజిన్ మొత్తం ఒక్కటిగా పెరిగి ఒక్కటిగా తగ్గుతోంది. అంటే లోపం ఏదో ఒక సిలిండర్‌ది అయ్యే అవకాశం తక్కువ. అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నదాంట్లో, అంటే డీజిల్ సరఫరాలోనో, గవర్నర్‌లోనో (రేస్‌ను నిలకడగా ఉంచే భాగం), యాక్సిలరేటర్ కేబుల్‌లోనో, ఈజీఆర్ వాల్వులోనో (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) వెతకాలి.

రెండోది మిస్సింగ్. ముల్లు పెద్దగా కదలదు, కానీ చప్పుడులో ఒక దెబ్బ తప్పిపోతూ ఉంటుంది. సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూస్తే పొగ తోపు సమానంగా రాదు, లయ తప్పుతూ తగులుతుంది. ఇది ఒకటో రెండో సిలిండర్లు సరిగ్గా మండడం లేదనడానికి గుర్తు.

మూడోది ఒట్టి వణుకు. చప్పుడు సమానంగానే ఉంటుంది, సైలెన్సర్ దగ్గర తోపూ సమానమే, క్యాబిన్ మాత్రం అదురుతుంది. కాస్త రేస్ ఇవ్వగానే అదురు మాయమవుతుంది. గేర్‌బాక్సు లేదా ఇంజిన్ దించి ఎక్కించిన బండిలో ఇలా జరిగితే ముందు ఫౌండేషన్ రబ్బర్లు (ఇంజిన్‌ను ఛాసిస్ మీద నిలిపేవి) చూడాలి. ఇంజిన్‌ను పక్కకు నెట్టి బోల్టులు బిగించేస్తే రబ్బరు ఒకవైపు నలిగిపోతుంది. ఇంజిన్ వణుకు ఛాసిస్‌కు నేరుగా ఎక్కేస్తుంది. బోల్టులన్నీ సడలించి, ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేసి ఆపి, అది కుదురుకున్నాక మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. సైలెన్సర్ పైపు ఛాసిస్‌కు ఆనుతోందేమో కూడా చూడాలి. ఇలాంటి బండికి నాజిళ్లు మార్చినా ఉపయోగం ఉండదు.

బండి పుట్టుక కూడా గుర్తుంచుకోవాలి. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లా అది స్లోలో నిశ్చలంగా నిలబడాలని ఆశించకూడదు. రిపేరుకు ముందు ఎంత వణికేదో, ఇప్పుడెంత వణుకుతోందో, ఆ తేడానే చూడాలి.

రోడ్డు మీద బాగుండి, స్లోలోనే ఎందుకు?

"రోడ్డు మీద మంచిగనే గుంజుతున్నది, నిలబెడితేనే ఊగుతున్నది" అనే మాట షెడ్లలో రోజూ వినిపిస్తుంది. దీనికి లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 750 ఆర్పీఎం దగ్గర తిరిగేటప్పుడు ఒక్కో సిలిండర్ నిమిషానికి 375 సార్లు మండుతుంది. నాలుగూ కలిపి సెకనుకు 25 మంటలు. అందులో ఒక సిలిండర్ పడుకుంటే సెకనుకు ఆరుసార్లు ఇంజిన్ తొట్రుపడుతుంది, అది ఒంటికి స్పష్టంగా తెలుస్తుంది. అదే 2500 ఆర్పీఎం దగ్గర సెకనుకు ఇరవైసార్లు పైగా తప్పుతుంది. ఫ్లైవీల్ వేగంలో అది కలిసిపోయి, కాస్త బలం తగ్గినట్టు తప్ప వేరే ఏమీ అనిపించదు.

డీజిల్ కొలత సంగతి చూడండి. స్లోలో ఒక్కో సిలిండర్‌కు పడే డీజిల్ చాలా తక్కువ. ఉదాహరణకు ఫుల్ లోడులో 50 పాళ్లు పడితే స్లోలో 6 పాళ్లే పడుతుందనుకుందాం. ఒక నాజిల్ 2 పాళ్లు ఎక్కువ పోస్తోంది. ఫుల్ లోడులో ఆ తేడా నూటికి నాలుగు, డ్రైవర్‌కు తెలియనే తెలియదు. స్లోలో అదే తేడా మూడో వంతు. ఒక సిలిండర్ మిగతా మూడింటి కంటే అంత గట్టిగా తన్నుతుంటే బండి ఊగకుండా ఎలా ఉంటుంది? కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కిన గాలి) లీకు కూడా ఇంతే. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి తప్పించుకోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

అందుకే "ఒక రౌండ్ కొట్టి చూసినం, బాగుంది" అనేది రిపేరు సరిగ్గా అయిందనడానికి సాక్ష్యం కాదు. వేడెక్కిన ఇంజిన్‌ను పది నిమిషాలు స్లోలో నిలబెట్టి చూడడమే సరైన పరీక్ష.

చెయ్యి ఎక్కడెక్కడ పడింది?

రిపేరు తర్వాత మొదలైన తేడాకు కారణం చాలావరకు రిపేరులోనే ఉంటుంది. మార్చిన పార్టులోనే ఉండాలని లేదు. ఆ పార్టు దాకా చేరడానికి దారిలో ఏమేం విప్పారో వాటిలో ఉంటుంది. కాబట్టి తగాదా పెట్టుకోకుండా, నిదానంగా అడగాల్సిన ప్రశ్న ఒకటి: "ఉస్తాద్, మొన్న ఏమేం ఇప్పినవో ఒక్కొక్కటి చెప్పు." బిల్లులో కొత్త పార్టులే ఉంటాయి. విప్పి మళ్లీ పెట్టినవి బిల్లులో రాయరు. అసలు జాబితా అదే.

హెడ్డు దించితే దాంతోపాటు డీజిల్ పైపులు, నాజిళ్లు, టాపెట్లు (వాల్వులను తెరిచేవి), యాక్సిలరేటర్ కేబుల్, ఎర్తింగ్ వైరు, వాక్యూమ్ గొట్టాలు, సెన్సర్ కప్లర్లు అన్నీ కదులుతాయి. గేర్‌బాక్సు దించితే ఫౌండేషన్లు, ఎర్తింగ్ వైరు, కొన్ని బళ్లలో ఫ్లైవీల్ దగ్గరుండే క్రాంక్ సెన్సర్. ఫిల్టర్ మారిస్తే డీజిల్ లైను. పంపు సర్వీసింగ్‌కు వెళ్లి వస్తే టైమింగ్ (డీజిల్ ఏ క్షణంలో చిమ్మాలో ఆ లెక్క). కేబుల్ సంగతి చిన్నదే అయినా మొదట చూడాల్సింది. బిగుతుగా కట్టేస్తే పంపు మీది లివర్ వెనక్కి వచ్చి స్టాపర్‌కు ఆనదు, ఇంజిన్ కదిలినప్పుడల్లా కేబుల్ లాగి వదులుతుంది, అచ్చం హంటింగ్‌లాగే ఉంటుంది. బానెట్ ఎత్తి లివర్‌ను వేలితో వెనక్కి నొక్కి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

దీనికి మినహాయింపు కూడా చెప్పాలి, మెకానిక్ పక్షాన. కొన్నిసార్లు రిపేరు పాత రోగాన్ని బయటపెడుతుంది. ఎప్పుడో ఎవరో ఐడిల్ స్క్రూ పెంచి కప్పిపెట్టిన మిస్సింగ్, ఈసారి మెకానిక్ ఆర్పీఎంను ఉండాల్సిన చోటికి దించగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆయన తప్పు చేయలేదు, సరైన పనే చేశాడు.

ఏ తరం ఇంజిన్ అనేది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో 2010లో బీఎస్-4 (బండి పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) వచ్చింది, దేశమంతా 2017 ఏప్రిల్ నుంచి. జిల్లాల్లో రిజిస్టరై తర్వాత నగరానికి చేరిన పాత బళ్లు మన దగ్గర చాలా తిరుగుతుంటాయి. కాబట్టి మోడల్ పేరు, తయారైన ఏడాది చూసి ఇంజిన్ ఇదీ అని అనుకోకూడదు. బానెట్ ఎత్తండి. నాజిల్ నెత్తి మీద కరెంటు కప్లర్ ఉంటే అది కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి, కంప్యూటర్ అదుపులో డీజిల్ అందే పద్ధతి). ఒట్టి ఉక్కు పైపే ఉంటే మెకానికల్ పంపు. పరీక్షలు రెండింటికీ ఒకటి కావు, ఒకదానికి చేసేది ఇంకోదానికి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

గాలి: ఎక్కువసార్లు దొంగ ఇదే

హంటింగ్ అయితే నేను మొదట అనుమానించేది డీజిల్ లైనులో గాలినే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను ఆ పంపు తనే పీల్చుకుంటుంది. ఆ దారిలో ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువ. ఒక జాయింటు సరిగ్గా కూర్చోకపోతే ఇంజిన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది. బయట తడి కనిపించదు కాబట్టి "లీకేం లేదు" అని వదిలేస్తారు. డీజిల్‌ను నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. పంపులోకి బుడగ వెళ్లిన ప్రతిసారీ డీజిల్ తగ్గుతుంది, రేస్ పడిపోతుంది, గవర్నర్ దాన్ని పైకి లాగుతుంది, బుడగ దాటిపోయాక రేస్ ఎక్కువవుతుంది, మళ్లీ దించుతుంది. హంటింగ్ అంటే ఇదే.

గాలి లీకుకు ఇంకో గుర్తు ఉంది. రాత్రంతా బండి ఆగినప్పుడు ఆ జాయింటు గుండా గాలి దూరి, లైనులోని డీజిల్ తిరిగి ట్యాంకు వైపు జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది. స్లోలో హంటింగ్, పొద్దున ఆలస్యంగా స్టార్ట్ కావడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే నాజిళ్ల జోలికి వెళ్లకముందే లైను చూడాలి.

మా కాలనీలోకి పాలు తెచ్చే పాత పికప్ ఒకటి ఇలాగే ఇబ్బంది పెట్టింది. డీజిల్ ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచి స్లోలో నిలబడేది కాదు. పంపు పోయిందని ఒకరు, నాజిళ్లని ఇంకొకరు చెప్పారు. చివరికి ఓ పెద్దాయన ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే నల్ల గొట్టం తీసి, దాని స్థానంలో పారదర్శకంగా ఉండే మందపాటి ప్లాస్టిక్ గొట్టం బిగించాడు. ఇంజిన్ స్టార్ట్ చేశాక చూస్తే, బంగారు రంగు డీజిల్‌లో ఆవగింజంత బుడగలు వరసగా పోతున్నాయి. బుడగల గుంపు పంపులోకి వెళ్లగానే ఇంజిన్ దిగేది. చూస్తున్నవాళ్లు నోటితో చెప్పనక్కర్లేకుండా కారణం కళ్లముందే కనిపించింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఇంకా బాగుంది. ఒక శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి, ట్యాంకు లైను తీసేసి, క్యాను నుంచే ఫిల్టర్‌కు గొట్టం పెట్టాడు. బుడగలు ఆగలేదు. అంటే ట్యాంకు, దాని పైపు నిర్దోషులు. తర్వాత ఫిల్టర్‌ను కూడా తప్పించి క్యాను నుంచి నేరుగా పంపుకు ఇచ్చాడు. బుడగలు పోయాయి, ఇంజిన్ కుదుటపడింది. ఇక దోషం ఫిల్టర్ హెడ్ దగ్గరే. అక్కడ పైపును పట్టుకునే బాంజో బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లు ఉంటాయి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత వాషర్లనే తిరిగి పెట్టారు. ఒకదాని మీద గోటితో తడిమితే తెలిసేంత సన్నటి గాడి. కొత్త వాషర్లు రెండు వేసి, హ్యాండ్ పంపు కొట్టి, బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీసి బిగించాడు. అంతటితో అయిపోయింది.

ఎయిర్ తీశాక ఒకటి రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైతే, "గాలి ఇంకా మిగిలి ఉంది" అని మళ్లీ మళ్లీ తీస్తూ కూర్చోవద్దు. మిగిలిన గాలి కొన్ని నిమిషాల్లోనే బయటపడిపోతుంది. మళ్లీ వస్తోందంటే ఎక్కడి నుంచో కొత్తగా దూరుతోందన్నమాట. ట్యాంకులోనే పంపు ఉండే బళ్లలో మాత్రం లైనులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి లీకు బయటికి తడిగా కనిపిస్తుంది.

ఏ సిలిండర్ పడుకుంది?

మిస్సింగ్ అయితే, ఏ సిలిండర్ అన్నది తేలకుండా ఏ పార్టూ మార్చకూడదు. మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్‌లో ఇది పాత పద్ధతే. ఇంజిన్ స్లోలో ఉండగా ఒక్కో నాజిల్ దగ్గర హై ప్రెషర్ పైపు నట్టు మీద గుడ్డ కప్పి, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, కాస్త సడలించి మళ్లీ బిగిస్తారు. పనిచేస్తున్న సిలిండర్ నట్టు సడలిస్తే చప్పుడు మారుతుంది, రేస్ పడిపోతుంది. ఏ నట్టు సడలించినప్పుడు తేడా రాదో, పడుకున్నది ఆ సిలిండరే.

తేలాక ఆ నాజిల్ తీసి పక్క సిలిండర్‌లో, పక్కది ఇందులో పెట్టాలి. మిస్సింగ్ నాజిల్‌తోపాటు వెళ్లిపోతే నాజిల్‌ది తప్పు. సిలిండర్‌లోనే ఉండిపోతే కంప్రెషనో, పంపులో ఆ లైనుకు చెందిన భాగమో. ఈ ఒక్క అదలాబదలీ వేల రూపాయలు మిగులుస్తుంది.

నాజిల్ సర్వీసింగ్ చేయించిన వెంటనే మిస్సింగ్ వస్తే, నాజిల్ కింద ఉండే రాగి వాషర్ చూడాలి. నాజిల్ లాగినప్పుడు పాత వాషర్ కొన్నిసార్లు హెడ్డు గుంతలోనే అతుక్కుని ఉండిపోతుంది. మసి పట్టి నల్లగా ఉంటుంది, టార్చి వేసి చూస్తే తప్ప కనబడదు. దాని మీదే కొత్తది వేస్తే నాజిల్ కొన ఉండాల్సిన దానికంటే పైన కూర్చుంటుంది. డీజిల్ జల్లు పిస్టన్ గిన్నెలో పడాల్సిన చోట పడదు. కంప్రెషన్ కూడా పక్క నుంచి కారుతుంది, స్లోలో "చఫ్ చఫ్"మని చప్పుడు వస్తుంది, నాజిల్ చుట్టూ తారులాంటి నల్లటి ముద్ద పేరుకుంటుంది. వాషర్ మందం తప్పుగా పడినా ఇదే కథ. పుత్లీబౌలిలోనో ఇంకెక్కడో వాషర్లు కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని వెళ్లి, మందం సరిపోల్చి తీసుకోవడం మంచిది.

నాజిల్ నిర్దోషి అని తేలితే టాపెట్లు. హెడ్డు దించాక టాపెట్ గ్యాప్ బిగుతుగా పెడితే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజిన్ వేడెక్కి లోహం సాగేకొద్దీ ఇంకా తెరుచుకుంటుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్సింగ్ మొదలైతే టాపెట్‌ను అనుమానించాలి. దీనికి తిరగబడి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు తెల్లపొగ, మిస్సింగ్ వచ్చి వేడెక్కాక తగ్గితే కంప్రెషన్ బలహీనమో, నాజిల్ జల్లు సరిగ్గా లేదో, గ్లో ప్లగ్గులున్న (చల్లటి ఇంజిన్‌ను స్టార్టింగ్‌కు వేడిచేసేవి) ఇంజిన్లయితే అవి పనిచేయడం లేదో చూడాలి. ఆ తెల్లపొగలో పచ్చి డీజిల్ వాసన ఉంటుంది. వేడెక్కినా తెల్లపొగ ఆగకుండా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం అది గ్యాస్కెట్ విషయం, బండి నడపకుండా ఆపేయాలి. కంప్రెషన్ గేజ్ పెట్టి చూసినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే, వాటి మధ్య గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోలేదని గట్టిగా చెప్పొచ్చు.

కామన్ రైల్ బళ్లలో

ముందు ఒక హెచ్చరిక, ఇది చదివిన ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. పైన చెప్పిన నట్టు సడలించే పద్ధతి కామన్ రైల్ ఇంజిన్ మీద ఎప్పుడూ చేయకూడదు. స్లోలోనే రైలులో 250 నుంచి 300 బార్ ప్రెషర్ ఉంటుంది, లోడు మీద వెయ్యి బార్ దాటుతుంది. కంటికి కనిపించనంత సన్నని ధార కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పైకి చీమ కుట్టినంత గాయం, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఇంటికి వెళ్లొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కు చెప్పాలి.

ఇక్కడ పరీక్ష స్కానర్‌తో చేస్తారు. ఎర్రర్ కోడ్ చదివి చెరిపేయడం స్కానింగ్ అనిపించుకోదు, లైవ్ డేటా చూపించమని అడగండి. రెండు విషయాలు చాలు. ఒకటి, ఇంజిన్ కంప్యూటర్ కోరుతున్న రైల్ ప్రెషర్, నిజంగా ఉన్న ప్రెషర్. నిజంగా ఉన్నది కోరినదాని వెంట నడవకుండా అటూ ఇటూ ఊగుతుంటే లైనులో గాలి, చెత్త పట్టిన ఫిల్టర్, పంపు మీద ప్రెషర్‌ను కొలిచి పంపే వాల్వు, ఈ వరసలో చూడాలి. ఇంకోటి, సిలిండర్ కరెక్షన్. ఏ సిలిండర్ మండినప్పుడు క్రాంక్ ఎంత వేగంగా తిరిగిందో కంప్యూటర్ గమనిస్తూ, బలహీనంగా ఉన్నదానికి డీజిల్ పెంచుతుంది, గట్టిగా తన్నేదానికి తగ్గిస్తుంది. మూడు సిలిండర్లు సున్నాకు దగ్గరగా ఉండి ఒకటి చాలా దూరంగా ఉంటే, వెతకాల్సిన చోటు అదే.

ఆ తర్వాత రిటర్న్ పరీక్ష. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు విప్పి, ఒక్కోదానికి ఒక్కో చిన్న సీసా తగిలించి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు స్లోలో నడుపుతారు. రిటర్న్ వైపు ప్రెషర్ తక్కువ కాబట్టి ఇది చేయొచ్చు. నాలుగు సీసాలు ఇంచుమించు సమానంగా నిండాలి. ఒకటి మిగతావాటి కంటే రెండు మూడు రెట్లు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. ఈ పరీక్ష ఓనరు కళ్లముందే అవుతుంది, అందుకే నాకు దీని మీద గౌరవం.

ఇంజెక్టర్లు మార్చాక ఊగడం మొదలైతే, చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. చాలా బళ్లలో ప్రతి ఇంజెక్టర్ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు ఆ ఇంజెక్టర్ కొలత ఎంత తేడాగా ఉందో ఆ కోడ్ చెబుతుంది. ఈ కోడ్ అవసరమైన బళ్లలో, ఇంజెక్టర్ మార్చినప్పుడల్లా స్కానర్‌తో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే కంప్యూటర్ పాత ఇంజెక్టర్ లెక్కతోనే కొత్తదానికి ఆర్డర్లు ఇస్తుంది. నాలుగింటినీ విప్పి శుభ్రం చేసి, ఒకదాని చోట ఒకటి పెట్టేసినా ఇదే గొడవ. పార్టు బాగుంది, బిగించడం బాగుంది, అయినా బండి ఊగుతుంది. విప్పే ముందు మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసుకుంటే ఈ సమస్యే రాదు.

ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా స్లోలో గాలికి బదులు పొగ లోపలికి వెళ్లి ఇంజిన్ నల్లపొగతో ఊగుతుంది. కొన్ని బళ్లలో ఈ వాల్వు వాక్యూమ్‌తో పనిచేస్తుంది. హెడ్డు పనిలో ఆ సన్నని గొట్టాలు ఒకదాని చోట ఒకటి తగిలిస్తే అది అవసరం లేనప్పుడు తెరుచుకుంటుంది. బ్రేకు బూస్టర్‌దీ అదే వాక్యూమ్ కాబట్టి, బ్రేకు కూడా గట్టిపడిందంటే గొట్టాల దగ్గరే తప్పు ఉందని అర్థం.

పెట్రోల్, సీఎన్‌జీ పికప్‌లు

వీటిలో కథ తిరగబడుతుంది. ఇక్కడ గాలికి, ఇంధనానికి లెక్క కుదరాలి, పెట్రోల్‌కైతే 14.7 పాళ్ల గాలికి ఒక పాలు. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని అదుపు చేసే రేకు) దాటాక ఏ గొట్టం ఊడినా, ఏ గ్యాస్కెట్ కారినా లెక్కలో లేని గాలి దూరి స్లో చెడిపోతుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనం ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) స్లోలో బాగా పెరిగి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకు వస్తే అది వాక్యూమ్ లీకే. రేస్ ఇచ్చేకొద్దీ ఇంకా పెరిగితే ఫ్యూయల్ సరఫరాలో లోపం. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక, బ్యాటరీ తీసి పెట్టాక కొంతసేపు స్లో తేడాగా ఉండడం మామూలే, కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో సర్దుకోకపోతే అప్పుడు వెతకాలి.

వాక్యూమ్ గేజ్ (ఇంజిన్ గాలి పీల్పును కొలిచేది) వాడేవాళ్లకు ఒక మాట. పుస్తకాల్లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కన) అని ఉంటుంది, అది సముద్రమట్టం దగ్గర లెక్క. ఎత్తు ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది. ఇక్కడ 16 చూపిస్తే కంగారు పడాల్సిన పని లేదు. అంకె కంటే ముల్లు నిలకడగా ఉందా, ఒక లయలో కొట్టుకుంటోందా అన్నది ముఖ్యం.

పెట్రోల్ బండికి పొల్యూషన్ చెక్ చేసేటప్పుడు స్లోలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్), హెచ్‌సీ (మండని ఇంధనం, హైడ్రోకార్బన్లు) కొలుస్తారు. హెచ్‌సీ ఒక్కసారిగా ఎక్కువ వచ్చిందంటే ఏదో సిలిండర్ మండకుండానే పెట్రోల్ వదిలేస్తోందన్నమాట. ఆ కాగితం పారేయకుండా మెకానిక్‌కు చూపించాలి. డీజిల్ బండికి మాత్రం రేస్ ఇచ్చి పొగ సాంద్రత కొలుస్తారు, కాబట్టి ఆ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన స్లో బాగున్నట్టు కాదు.

షెడ్డులో ఏం అడగాలి

ఆటోనగర్‌లో పంపు, నాజిల్ పని చేసే షాపుల వాళ్లకు టెస్ట్ బెంచ్ ఉంటుంది. అక్కడికి పంపితే సర్వీసింగ్‌కు ముందు ఒక రీడింగు, తర్వాత ఒక రీడింగు కాగితం మీద రాయించుకోండి. స్లో డెలివరీ నాలుగు లైన్లలోనూ ఎంతెంత వచ్చిందో విడిగా అడగండి, ఫుల్ లోడు అంకె ఒక్కటే చాలదు. మంచి మేస్త్రీ ఈ ప్రశ్నకు చిరాకు పడడు, అడిగినందుకు సంతోషిస్తాడు. తీసిన పాత పార్టులు, పాత వాషర్లతో సహా, ఇంటికి తెచ్చుకోండి.

ఇవన్నీ అయి కారణం దొరికి సరిచేశాకే ఐడిల్ స్క్రూ ముట్టుకోవాలి, అదీ మెకానికల్ పంపు బళ్లలోనే. కామన్ రైల్‌లో స్లోను కంప్యూటరే చూసుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, లోడులన్నీ ఆపి ఉండాలి, కేబుల్ వదులుగా ఉండి లివర్ స్టాపర్‌కు ఆనాలి. బానెట్ కింది స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉన్న ఆర్పీఎంకు సెట్ చేసి, లాక్ నట్టు బిగించి, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి చూడాలి. అప్పుడు కూడా ఇంజిన్ దిగకుండా నిలబడితే లోడు ఎక్కించుకోవచ్చు.